కంపెనీ వెనక్కి పిలిచిన సెల్‌ఫోను: వాడుకోవచ్చునా, మానుకోవాలా?

బొగ్గు గనుల నడుమ పెరిగినవారికి ఒక సంగతి ఎవరూ నేర్పనక్కరలేదు. తవ్విపోసిన బొగ్గు కుప్ప చాలాకాలం కదలకుండా పడివుంటే, నిప్పు పెట్టేవాడు లేకపోయినా లోలోపల వేడెక్కి ఒకనాడు పొగ చిమ్ముతుంది. గాలిలోని ప్రాణవాయువు బొగ్గుతో కలిసి కొద్దికొద్దిగా వేడి పుట్టిస్తుంది. ఆ వేడి బయటకు పోయే వేగం కన్నా పుట్టే వేగం ఎక్కువైనప్పుడు కుప్ప రాజుకుంటుంది. ఘుగ్గుస్ గని కార్మికునికి ఇది కొత్త విషయం కాదు. అతని జేబులోని సెల్‌ఫోను బ్యాటరీ మండే తీరు కూడా దాదాపు ఇదేనంటే మాత్రం ఆశ్చర్యపోవచ్చు.

లిథియం బ్యాటరీలో రెండు విద్యుద్ధ్రువాలు చాపచుట్టలా చుట్టి ఉంటాయి. వాటి మధ్య వెంట్రుక కన్నా పలుచని ప్లాస్టిక్ పొర, చుట్టూ మండే స్వభావం గల ద్రవం ఉంటాయి. ఆ పొర ఎక్కడైనా చిరిగినా, నలిగినా ధ్రువాలు రెండూ తగులుకొని అక్కడ వేడి పుడుతుంది. ఆ వేడికి లోపలి రసాయనాలు విచ్ఛిన్నమై మరింత వేడినిస్తాయి. సుమారు 130 డిగ్రీల సెల్సియస్ వద్ద పొర కరగసాగుతుంది. ఆపైన అంతా క్షణాల మీద జరిగిపోతుంది. బొగ్గు కుప్పకూ దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. కుప్పకు గాలి అందకుండా చేస్తే మంట అణగుతుంది. అనేక ఫోను బ్యాటరీలలోనైతే ధన ధ్రువంలోని పదార్థమే వేడికి ప్రాణవాయువును విడుదల చేస్తుంది. దుప్పటి కప్పితే ఆరుతుందనుకోవడం పొరపాటన్నది ఇందువల్లనే.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ఫలానా నమూనా ఫోనులో లోపమున్నదని తయారీదారు ప్రకటించి వెనక్కి పిలిచినప్పుడు, ఇంగ్లీషు మాటలో చెప్పాలంటే రీకాల్ చేసినప్పుడు, ఇంట్లో సాధారణంగా వినిపించే మాట ఒకటే: "ఏడాదిగా వాడుతున్నాం, మనదానికేమీ కాలేదు కదా!" ఈ మాటలో ఎంత బలముందో తెలియడానికి 2016 నాటి శామ్‌సంగ్ గెలాక్సీ నోట్ 7 ఉదంతం చూడాలి. ఆ ఏడాది ఆగస్టు 19న విడుదలైన ఆ ఫోనును సెప్టెంబరు 2న ప్రపంచమంతటా వెనక్కి పిలిచారు. అప్పటికి అమ్ముడైనవి సుమారు 25 లక్షలు. మన దేశంలో అమ్మకాలు మొదలుకాకముందే ఈ ప్రకటన వెలువడింది. వేరొక సంస్థ తయారుచేసిన బ్యాటరీలతో మార్పిడి ఫోనులు ఇచ్చారు. అవీ కాలాయి! అక్టోబరులో తయారీయే ఆపివేశారు.

అమెరికాలో వెనక్కి పిలిచిన ఫోనులు 19 లక్షలు. అక్కడ బ్యాటరీ వేడెక్కినట్లు అక్టోబరు నాటికి అందిన ఫిర్యాదులు 96. అంటే సుమారు ఇరవై వేలలో ఒకటి. మిగిలిన వారందరూ "మనదానికేమీ కాలేదు" అన్నవారే, అది నిజమే. కాని ఆ తొంభై ఆరుగురిలో చాలామంది ముందురోజు వరకు అదే మాట అనివుంటారు. 2017 జనవరిలో వెల్లడైన దర్యాప్తు ఫలితాల ప్రకారం ఒక రకం బ్యాటరీలో ధ్రువాల అంచు మూల వద్ద వంగిపోయింది. రెండవ రకంలో వెల్డింగు చేసినచోట మిగిలిన లోహపు మొనలు పొరను గుచ్చాయి. ఇవేవీ బయటి నుండి కనబడే లోపాలు కావు. ఫోను బాగా పనిచేస్తున్నదనడం బ్యాటరీ లోపల ఏమున్నదో చెప్పదు.

మనవారికి ఇంకా దగ్గరి ఉదాహరణ 2007 నాటిది. ఆ ఆగస్టులో నోకియా సంస్థ బీఎల్-5సీ రకం బ్యాటరీలలో 4.6 కోట్లు ఛార్జింగు సమయంలో వేడెక్కవచ్చునని హెచ్చరించింది. జపాను సంస్థ మత్సుషిత 2005 డిసెంబరు, 2006 నవంబరు మధ్య తయారుచేసినవి అవి. ఊరూరా కనబడిన నోకియా 1100 ఫోనులో ఉండేదీ ఈ రకమే. అప్పటికి తెలిసిన ఘటనలు సుమారు వంద. మన దేశంలో సేవా కేంద్రాల ముందు జనం బారులు తీరారు. అయితే నాడు పని సులువు. వెనుక మూత గోటితో లేపి, బ్యాటరీ మీది సంఖ్య చూసుకొని, దానినొక్కదానినే మార్చుకొంటే సరిపోయేది. నేటి ఫోనులలో బ్యాటరీని జిగురుతో అంటించి మూసివేస్తున్నారు. కనుక బ్యాటరీ చెడ్డదంటే ఫోను మొత్తాన్ని అప్పగించవలసిందే.

ఒక్కోసారి ఈ పిలుపు రీకాల్ పేరుతో రాదు. 2025 జులైలో గూగుల్ సంస్థ తన పిక్సెల్ 6ఏ ఫోనులకు, బ్యాటరీ 400 సార్లు ఛార్జి అయిన తరువాత దాని సామర్థ్యాన్ని తగ్గించే సాఫ్ట్‌వేర్‌ను తప్పనిసరి చేసింది. వేడెక్కే ప్రమాదం తగ్గించడానికేనని చెప్పింది. మన దేశంలోనూ ఉచితంగా బ్యాటరీ మార్పిడి ప్రకటించింది. అప్‌డేట్ వస్తే ఫోను నెమ్మదిస్తుందని దానిని వాయిదా వేసే అలవాటు చాలామందికి ఉన్నది. ఇటువంటి అప్‌డేట్ విషయంలో ఆ అలవాటు ప్రమాదకరం.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కులు రెండున్నాయి. మొదటిది ఎండ. లిథియం బ్యాటరీని ఛార్జి చేయడానికి సాధారణంగా విధించే పై హద్దు 45 డిగ్రీలు. చంద్రపూర్ జిల్లాలో మే నెల నీడలోనే అది దాటిపోతుంది. రేకుల కప్పు క్రింద చెప్పనక్కరలేదు. ఎండ ఒక్కటే మంచి బ్యాటరీని పేల్చదు, కాని దానిని త్వరగా ముసలిదాన్ని చేస్తుంది, లోపమున్నదానికి తోడవుతుంది. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకొనేవారు తలగడ పక్కన ఛార్జింగు పెట్టి నిద్రించడం మన ఇళ్ళలో మామూలే. పరుపు వేడిని బయటకు పోనివ్వదు. నేల మీద, సిమెంటు గట్టు మీద పెట్టడం మేలు.

రెండవది మన మంచితనం. కొత్త ఫోను కొన్నవాడు పాతదానిని ఊళ్ళో ఉన్న అమ్మకు పంపుతాడు. ఘుగ్గుస్ నుండి ఆసిఫాబాద్, మంచిర్యాల పల్లెలకు ఇలా చేరే ఫోనులకు లెక్కలేదు. వెనక్కి పిలిచిన ఫోనును అలా పంపితే లోపమూ దానితోనే వెళ్తుంది. హెచ్చరిక మాత్రం కొన్నవాని వద్దనే మిగిలిపోతుంది. బస్సు పార్సెల్‌లో వేయడం మరీ తప్పు. 2025 అక్టోబరు 24న కర్నూలు వద్ద చిన్నటేకూరులో బెంగుళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు దగ్ధమై 19 మంది ప్రయాణికులు మరణించారు. మంటలకు మూలం బస్సు క్రింద చిక్కుకొన్న మోటారు సైకిలు; అయితే సరుకుల అరలోని 234 సెల్‌ఫోనుల బ్యాటరీలు పేలడం మంటలను తీవ్రం చేసిందని ఫోరెన్సిక్ నిపుణులు పేర్కొన్నట్లు వార్తలు వచ్చాయి. అవి లోపమున్న ఫోనులని ఎవరూ అనలేదు, కొత్తవే. 2016లో వెనక్కి పిలిచిన ఫోనుల కోసం శామ్‌సంగ్ నిప్పుకు తట్టుకొనే ప్రత్యేక పెట్టెలు పంపవలసి వచ్చిందంటే లోపమున్నదాని సంగతి ఊహించుకోవచ్చు.

కాబట్టి ప్రశ్నకు నా జవాబు: వాడరాదు. కొత్తది వచ్చేవరకు, పగలు మాత్రమే, చూస్తుండగా మాత్రమే అన్న మినహాయింపులూ వద్దు. కూలి డబ్బు, రేషను, పిల్లల చదువు అన్నీ ఫోనులోనే ఉన్న కుటుంబానికి ఇది కష్టమైన మాటేనని తెలుసు. ఇంట్లో మరొక ఫోను ఉంటే సిమ్ము అందులోకి మార్చండి. లేకుంటే బటన్ల ఫోను కొన్నాళ్ళకు అరువు తెచ్చుకోండి. ఫోటోలు, నంబర్లు వేరేచోట భద్రపరచి ఫోనును ఆపివేసి, మండే వస్తువులేవీ లేనిచోట, పిల్లలకు అందకుండా ఉంచండి. మళ్ళీ ఛార్జి పెట్టకండి. వీపు ఉబ్బినా, తెర పైకి లేచినా నొక్కకండి, గుచ్చకండి.

మీ ఫోను ఆ జాబితాలో ఉన్నదో లేదో ఐఎంఈఐ సంఖ్యను బట్టి తెలుస్తుంది. *#06# నొక్కితే అది తెర మీద కనబడుతుంది. దానిని తయారీదారు వెబ్‌సైటులో గాని, సేవా కేంద్రంలో గాని సరిచూడాలి. తెలంగాణలో కొన్నదానిని చంద్రపూర్‌లో చూడమని ఎవరైనా అంటే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయండి. తెలుగులోనూ మరాఠీలోనూ మాట్లాడవచ్చు. ప్రమాదకరమైన వస్తువును వెనక్కి తీసుకోమని ఆదేశించే అధికారం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం క్రింద కేంద్ర ప్రాధికార సంస్థకు ఉన్నది.

ఒకవేళ పొగ వస్తే ముందు మనుషులను బయటకు పంపండి. ఆ పొగ విషపూరితం. ఫోనును చేత్తో తీయకండి. ఛార్జింగులో ఉంటే మెయిన్ స్విచ్చి ఆపి, ఆ తరువాత దూరం నుండి నీళ్ళు ధారాళంగా పోయండి. బ్యాటరీని చల్లబరచడమే ఇక్కడ పని. మంట ఆరినట్లు కనబడినా మళ్ళీ రాజుకోవచ్చు కనుక పోస్తూనే ఉండాలి. ఇల్లు అంటుకొంటే 101.

సేవా కేంద్రంలో ఫోను అప్పగించేటప్పుడు రసీదు మీద ఐఎంఈఐ సంఖ్య రాయించుకోండి. బిల్లు పోయినవారికి తరువాత ఆధారంగా మిగిలేది ఆ కాగితమే.