బిగుసుకుపోయిన చక్రపు నట్టు: బల భ్రామకం, ఘర్షణ

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
– చక్రపు నట్టు బిగుసుకుపోవడానికి కారణాలు వివరించగలుగుతారు.
– నట్టు విప్పడానికి కావలసిన బలాన్ని లెక్కించగలుగుతారు.
– మామూలు నట్టుకు, లాక్ నట్టుకు వేర్వేరు పద్ధతులు ఎందుకు అవసరమో చెప్పగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

నేను దాదాపు ముప్పై ఏళ్లు తరగతి గదిలో బల భ్రామకం బోధించాను. ఒక రాత్రి సూర్యాపేట దాటాక మా కారు టైరు పంక్చరైంది. జాకీతో కారును పైకి లేపి, ఆ తరువాత నట్టు విప్పుదామని స్పానర్‌ను బలంగా గుంజాను. నట్టు కదలలేదు, కారు కదిలింది. జాకీ పక్కకు ఒరిగి, కారు నా కాలికి జానెడు దూరంలో కిందపడింది. అక్కడ ఆగిన లారీ క్లీనరు, ఇరవై ఏళ్ల కుర్రవాడు, "ముందు నట్లు లూజు చేసుకోవాలి సార్, జాకీ తర్వాతే" అన్నాడు. సూత్రం తెలిసిన నాకు పని వరుస తెలియలేదు. మీకు రెండూ తెలియాలన్నదే ఈ భాగం ఉద్దేశం.

2. నట్టు ఎందుకు కదలదు?

నట్టును బిగించినప్పుడు అది ఎక్కిన బోల్టు అతి స్వల్పంగా సాగుతుంది. సాగిన బోల్టులోని తన్యతే చక్రాన్ని హబ్‌కు అదిమి పట్టి ఉంచుతుంది. అయితే మనం ప్రయోగించే బల భ్రామకంలో సుమారు పదో వంతు మాత్రమే ఈ తన్యతకు ఉపయోగపడుతుంది. దాదాపు సగం నట్టు కూర్చునే తలం దగ్గర ఘర్షణకు, మిగిలినది మరల మధ్య ఘర్షణకు ఖర్చవుతుంది. కాబట్టి నట్టు విప్పడమంటే ప్రధానంగా ఘర్షణను అధిగమించడమే.

ఈ ఘర్షణ రెండు కారణాల వల్ల పెరుగుతుంది. మొదటిది, టైరు దుకాణంలో ఎయిర్ గన్‌తో అవసరానికి మించి బిగించడం. రెండవది తుప్పు. ఇనుము కంటే దాని తుప్పు ఎక్కువ స్థలం ఆక్రమిస్తుంది. అందువల్ల మరల మధ్య ఉన్న సన్నని ఖాళీ నిండిపోయి నట్టు పట్టేస్తుంది.

3. బలం ఎంత కావాలి?

బల భ్రామకం = బలం × లంబ దూరం

చిన్న కార్ల చక్రపు నట్లను సాధారణంగా 100 న్యూటన్ మీటర్లకు అటూ ఇటూగా బిగిస్తారు. మీ కారుకు సరైన విలువ దానితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. పట్టేసిన నట్టుకు 250 న్యూటన్ మీటర్లు కావాలనుకుందాం. 25 సెంటీమీటర్ల స్పానర్‌తో అయితే 250 ÷ 0.25 = 1000 న్యూటన్లు, అంటే సుమారు 102 కిలోల బరువు మోపాలి. స్పానర్ పిడికి ఇనుప గొట్టం తొడిగి పొడవును 75 సెంటీమీటర్లు చేస్తే సుమారు 333 న్యూటన్లు, అంటే 34 కిలోల బరువు చాలు.

లంబ దూరం అన్న మాటను గమనించండి. స్పానర్ నేలకు సమాంతరంగా ఉన్నప్పుడే కిందికి మోపిన బరువు పూర్తిగా పనిచేస్తుంది. స్పానర్ 60 డిగ్రీలు వాలి ఉంటే ఫలితం సగమే. చాలా కార్ల నట్లు అపసవ్య దిశలో విప్పుకుంటాయి. కనుక చక్రానికి ఎదురుగా నిలబడి, స్పానర్ పిడి ఎడమవైపు ఉండేలా పెట్టి కిందికి అదమండి.

4. లాక్ నట్టు విషయం వేరు

అల్లాయ్ చక్రాలు దొంగల పాలు కాకుండా ఒక్కో చక్రానికి ఒక లాక్ నట్టు బిగిస్తారు. దాని తలపై ప్రత్యేకమైన గాడులుంటాయి. వాటిలో అమరే కీ ఉంటేనే అది విప్పుకుంటుంది. ఇక్కడ గొట్టం తొడిగే ఉపాయం ప్రమాదకరం. గొట్టం మీ చేతి శ్రమను తగ్గిస్తుంది గాని, కీ పళ్లపై పడే బల భ్రామకాన్ని తగ్గించదు. నట్టుకు 250 న్యూటన్ మీటర్లు కావాలంటే అదంతా ఆ చిన్న పళ్ల మీదుగానే వెళ్లాలి. పళ్లు అరిగాయంటే ఇక కీ ఉన్నా లేనట్టే. ఎయిర్ గన్ కుదుపులకూ పళ్లు విరుగుతాయి.

కాబట్టి మామూలు నట్టుకు బల భ్రామకాన్ని పెంచవచ్చు. లాక్ నట్టుకు మాత్రం ముందుగా ఘర్షణను తగ్గించాలి.

5. పని వరుస

(అ) కారును గట్టి, సమతలమైన నేలపై ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఎదుటి మూలనున్న చక్రానికి రాయి అడ్డుపెట్టండి. జాకీ ఇప్పుడే వద్దు. చక్రం నేలపై ఉంటేనే టైరుకు, రోడ్డుకు మధ్య ఘర్షణ దాన్ని తిరగకుండా ఆపుతుంది.
(ఆ) మిగిలిన నట్లు బిగుతుగా ఉండగానే లాక్ నట్టుతో మొదలుపెట్టండి.
(ఇ) తుప్పు వదిలించే నూనెను నట్టు అంచున కొద్దిగా వేసి పదిహేను, ఇరవై నిమిషాలు ఆగండి. కేశనాళికీయత వల్ల నూనె సన్నని సందుల్లోకి పాకుతుంది. బ్రేకు భాగాలపై ఒక్క చుక్క కూడా పడకూడదు.
(ఈ) గాడుల్లోని మట్టి తీసి, కీని సుత్తితో మెల్లగా తట్టి పూర్తిగా కూర్చోబెట్టండి. ఆ అదురుకు తుప్పు పొర కూడా పగులుతుంది.
(ఉ) కుదుపు లేకుండా, క్రమంగా బలం పెంచండి. నట్టు సగం చుట్టు తిరిగితే చాలు. నట్లన్నీ అలా వదులయ్యాకే జాకీ పెట్టండి.

కీ పోయినా, పళ్లు అరిగినా మెకానిక్‌ను పిలవండి. ఆయన దగ్గర ఎదురు మరలున్న ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్ ఉంటుంది. విప్పేకొద్దీ అది నట్టు తలను మరింత గట్టిగా పట్టుకుంటుంది. టైరు ఉండగా నట్టును మంటతో వేడిచేయకండి. టైరు పేలవచ్చు.

తిరిగి బిగించేటప్పుడు మరలకు నూనె రాయకండి. ఘర్షణ తగ్గితే అదే బల భ్రామకానికి బోల్టు అతిగా సాగుతుంది. విప్పేటప్పుడు మేలు చేసిన నూనె బిగించేటప్పుడు కీడు చేస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 200 న్యూటన్ మీటర్లు కావలసిన నట్టుకు 40 సెంటీమీటర్ల స్పానర్‌తో ఎంత బలం ప్రయోగించాలి?
2. లాక్ నట్టు కీకి పొడవైన గొట్టం వాడటం ఎందుకు మంచిది కాదు?
3. ఈ వారం మీ ఇంటి కారులోగాని, తెలిసినవారి కారులోగాని లాక్ నట్టు కీ ఎక్కడుందో వెతికి, దాని పళ్లను పరిశీలించి నాలుగు వాక్యాలు రాయండి. చీకట్లో, రోడ్డు పక్కన వెతుక్కునే అవసరం రాకముందే ఈ పని చేయండి.