ఫజ్ పెడల్‌కు వేలు పోయాలా? ప్లగిన్ ఫ్రీగానే దొరుకుతోంది.. నల్గొండ, పాలమూరు గిటారిస్టులు ఇది తెలుసుకోండి

ఎలక్ట్రిక్ గిటార్ ఎలాగోలా కొన్నారు. పాట రికార్డు చేయాలి. కానీ రాక్ పాటల్లో వినిపించే ఆ గరగర సౌండ్ మాత్రం రావట్లేదు. పెడల్ కొందామంటే ఒక్కోటి వేలల్లో ఉంటుంది. నల్గొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ దాదాపు 100 కిలోమీటర్లు. అక్కడిదాకా పోయి నాలుగు పెడల్స్ వాయించి చూసి కొనే ఓపిక, డబ్బు అందరికీ ఉండవు. మరి దారేంటి? ఇంట్లో లాప్‌టాప్ ఉంటే చాలావరకు పని అయిపోయినట్టే. పెడల్స్ చేసే పనిని సాఫ్ట్‌వేర్‌లోనే చేసే ప్లగిన్లు ఇప్పుడు పూర్తిగా ఫ్రీగా, చట్టబద్ధంగా దొరుకుతున్నాయి. అవేంటి? ఎలా పనిచేస్తాయి? ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి? వివరంగా చూద్దాం.

అసలు డిస్టార్షన్ అంటే ఏంటి?

తీగ మీటితే ఒక అల పుడుతుంది. మెల్లగా పైకి లేచి, మెల్లగా కిందికి దిగే అల అది. దాన్ని మోయలేనంతగా పెంచితే ఏమవుతుంది? సర్క్యూట్‌కు ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు దాటిన భాగాన్ని అది కోసేస్తుంది. గుండ్రంగా ఉన్న అల తల చదునుగా మారుతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. డిస్టార్షన్ అంటే ఇదే.

అల తల కోస్తే కొత్త స్వరాలు పుడతాయి. ఉదాహరణకు గిటార్ ఐదో తీగ 110 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. పైనా కిందా సమానంగా కోస్తే 330, 550, 770 హెర్ట్జ్ దగ్గర అదనపు స్వరాలు బలంగా చేరతాయి. ఒకవైపు ఎక్కువ, ఇంకోవైపు తక్కువ కోస్తే 220, 440 కూడా వస్తాయి. మన చెవికి సౌండ్ మందంగా, గరుకుగా అనిపించడానికి కారణం ఇవే.

ఇది మనకు కొత్తేం కాదు. కచేరీలో తంబురా తీగల కింద చిన్న దారప్పోగు పెడతారు. దాంతో తీగ ఝుమ్మని మోగుతుంది. దారం తీసేస్తే అదే తంబురా చప్పగా వినిపిస్తుంది. అక్కడ జరిగే పద్ధతి వేరే అయినా, ఫలితం మాత్రం ఒకటే. ఒక స్వరానికి పై స్వరాలు తోడవుతాయి.

పాడైన మిషన్ నుంచి పుట్టిన సౌండ్

ఫజ్ కథ అమెరికాలోని నాష్‌విల్‌లో మొదలైంది. గాయకుడు మార్టీ రాబిన్స్ పాట ఒకటి రికార్డు అవుతుండగా స్టూడియో మిక్సింగ్ కన్సోల్‌లో ఒక భాగం పాడైంది. గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ సోలో మొత్తం బరబరమని వచ్చింది. అయినా దాన్ని అలాగే ఉంచేశారు. 1961లో విడుదలైన ఆ పాట హిట్టయింది. దాంతో రికార్డింగ్ ఇంజినీర్ గ్లెన్ స్నాడీ ఆ చెడిపోయిన సౌండ్‌నే ట్రాన్సిస్టర్లతో మళ్లీ తయారు చేశారు. 1962లో గిబ్సన్ కంపెనీ దాన్ని మేస్ట్రో ఫజ్‌టోన్ పేరుతో మార్కెట్లోకి తెచ్చింది. మొదట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. 1965లో రోలింగ్ స్టోన్స్ 'శాటిస్‌ఫాక్షన్' పాటలో కీత్ రిచర్డ్స్ దాన్ని వాడాక సీన్ మారిపోయింది. ఆ తర్వాత 1966లో వచ్చిన ఫజ్ ఫేస్‌ను జిమీ హెండ్రిక్స్ ప్రపంచానికంతా వినిపించాడు.

ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్, ఫజ్.. తేడా ఏంటి?

మూడింటిలోనూ జరిగేది కోతే. ఎంత కోస్తున్నాం, ఎలా కోస్తున్నాం అన్నదే తేడా.

ఓవర్‌డ్రైవ్: కోత మెత్తగా ఉంటుంది. మెల్లగా మీటితే క్లీన్‌గా, గట్టిగా మీటితే గరుకుగా వస్తుంది. ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్ దీనికి బాగా తెలిసిన ఉదాహరణ.

డిస్టార్షన్: కోత పదునుగా ఉంటుంది. 1978లో వచ్చిన బాస్ డీఎస్-1, ప్రోకో ర్యాట్ ఈ కోవకు చెందినవే. సిలికాన్ డయోడ్లు దాదాపు 0.6 వోల్టుల దగ్గర అలను కట్ చేస్తాయి. డయోడ్ రకం మారితే హద్దు మారుతుంది, సౌండ్ కూడా మారుతుంది.

ఫజ్: ఇక్కడ మొహమాటం ఉండదు. అల దాదాపు చతురస్రంలా మారిపోతుంది. ఫజ్ ఫేస్‌లో ఉండేది రెండే రెండు ట్రాన్సిస్టర్లు. బిగ్ మఫ్ లాంటి వాటిలో కోత ఒకదాని తర్వాత ఒకటిగా రెండు చోట్ల జరుగుతుంది. అందుకే నోట్ ఎక్కువసేపు సాగుతుంది.

ప్లగిన్ లోపల ఏం జరుగుతుంది?

కంప్యూటర్‌కు గిటార్ సౌండ్ అంటే అంకెల వరుస. సెకనుకు 48 వేల అంకెలు అనుకుందాం. ప్రతి అంకె -1, +1 మధ్య ఉంటుంది. ఒక్కోదాన్ని 20తో గుణించి, 1 దాటిన ప్రతిదాన్నీ 1గానే ఉంచేస్తే చాలు. డిస్టార్షన్ ప్లగిన్ రెడీ. అసలు విషయం ఇంత చిన్న లెక్క కాబట్టే, మంచి మనసున్న ప్రోగ్రామర్లు దీన్ని ఫ్రీగా పంచగలుగుతున్నారు.

అయితే నిజమైన పెడల్‌లా వినిపించాలంటే ఈ లెక్క సరిపోదు. దానికి రెండు దారులున్నాయి. ఒకటి, పెడల్‌లోని రెసిస్టర్లు, కెపాసిటర్లు, డయోడ్ల ప్రవర్తనను సమీకరణాలుగా రాసి లెక్కించడం. రెండోది, నిజమైన పెడల్‌లోకి ఒక సౌండ్ పంపి, బయటికి ఏం వచ్చిందో రికార్డు చేసి, ఆ రెండింటి తేడాను న్యూరల్ నెట్‌వర్క్‌కు నేర్పించడం.

ఇంకో చిక్కు కూడా ఉంది. 44.1 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేస్తే కంప్యూటర్ 22.05 కిలోహెర్ట్జ్ వరకే పట్టుకోగలదు. కోత వల్ల పుట్టిన స్వరం 25 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటే, అది వెనక్కి మడత పడి 19.1 దగ్గర తేలుతుంది. పాటతో సంబంధం లేని ఇలాంటి స్వరాలు పోగైతే సౌండ్ గాజు పెంకులా గీరుకుంటుంది. దీన్ని తగ్గించేదే ఓవర్‌శాంప్లింగ్. ప్లగిన్‌లో ఈ ఆప్షన్ కనిపిస్తే 2ఎక్స్ లేదా 4ఎక్స్ పెట్టుకోండి. ప్రాసెసర్‌పై భారం కాస్త పెరుగుతుంది, అంతే.

ఫ్రీగా దొరికే మంచి ప్లగిన్లు ఇవే

బీవైఓడీ: చౌదరి డీఎస్పీ పేరుతో జతిన్ చౌదరి తయారు చేసిన ఓపెన్ సోర్స్ ప్లగిన్. 'మీ డిస్టార్షన్ మీరే కట్టుకోండి' అన్నది దీని ఐడియా. ట్యూబ్ స్క్రీమర్, ఫజ్ ఫేస్, బిగ్ మఫ్ తరహా బ్లాకులను తెచ్చి వైర్లతో కలుపుకోవచ్చు. సర్క్యూట్ నేర్చుకోవాలనుకునే ఇంజినీరింగ్ స్టూడెంట్లకు ఇదో చిన్న ల్యాబ్.

చౌసెంటార్: ఇదీ ఆయనదే. క్లాన్ సెంటార్ అనే అరుదైన పెడల్‌కు నకలు. అసలు పెడల్ ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లోనే లక్షల్లో పలుకుతోంది. నకలు మాత్రం ఉచితం.

టీఎస్ఈ 808: ట్యూబ్ స్క్రీమర్ నకలు. నాబ్‌లు తక్కువ. కొత్తవాళ్లకు తేలిక.

ఇగ్నైట్ ఆంప్స్: ఇటలీకి చెందిన ఈ బృందం ఎమిసరీ అనే ఆంప్లిఫయర్‌ను, నాడిర్ అనే స్పీకర్ లోడర్‌ను ఫ్రీగా ఇస్తోంది. రెండూ జతగా వాడితే హెవీ సౌండ్ వస్తుంది.

న్యూరల్ ఆంప్ మోడలర్: స్టీవెన్ ఆట్కిన్సన్ తయారు చేసిన ఓపెన్ సోర్స్ ప్లగిన్. ఎవరో రికార్డు చేసి పెట్టిన పెడల్, ఆంప్ ఫైళ్లను ఇందులో లోడ్ చేసుకోవచ్చు. అలాంటి ఫైళ్లు ఆన్‌లైన్‌లో వేలల్లో ఉన్నాయి. ఒక్క విషయం గుర్తుంచుకోండి. సాధారణంగా ఒక ఫైల్ అంటే పెడల్‌కు తీసిన ఫొటో లాంటిది. ఆ రోజు నాబ్ ఎక్కడుందో సౌండ్ అక్కడే ఆగిపోతుంది.

గిటారిక్స్: లినక్స్ వాడేవాళ్లకు. ఫజ్ యూనిట్ల నుంచి ఆంప్ వరకు మొత్తం సెట్ ఇందులోనే ఉంది. పాత లాప్‌టాప్‌లో లినక్స్ వేసుకున్నవాళ్లు ముందు దీన్నే ట్రై చేయొచ్చు.

ఏమేం కావాలి?

గిటార్, లాప్‌టాప్, హెడ్‌ఫోన్స్, ఒక ఆడియో ఇంటర్‌ఫేస్. డబ్బు పెట్టాల్సింది ఈ చివరి దానికే. గిటార్‌ను నేరుగా లాప్‌టాప్ మైక్ రంధ్రంలో పెడితే సౌండ్ మొద్దుబారుతుంది, రొద కూడా ఎక్కువగా ఉంటుంది. ప్లగిన్‌ను తెరవడానికి వేవ్‌ఫామ్ ఫ్రీ లాంటి ఉచిత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడొచ్చు. ఐఫోన్ ఉన్నవాళ్లకు గ్యారేజ్‌బ్యాండ్‌లోనే ఆంప్, పెడల్స్ ఉంటాయి.

అందరూ మొదట ఇబ్బంది పడేది ఆలస్యం దగ్గరే. ఇప్పుడు మీటితే కాసేపాగి వినిపిస్తుంది. సెట్టింగ్స్‌లో బఫర్ సైజ్ చూడండి. 48 కిలోహెర్ట్జ్‌లో 1024 పెడితే అక్కడే 21 మిల్లీసెకన్లు పోతాయి. 128 పెడితే 2.7 మాత్రమే. డ్రైవర్ వల్ల ఇంకొంత కలుస్తుంది. మొత్తం 10 మిల్లీసెకన్ల లోపు ఉంటే చాలు. 10 మిల్లీసెకన్లంటే ఆంప్‌కు మూడున్నర మీటర్ల దూరంలో నిలబడి వాయించినట్టు. విండోస్‌లో ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చే ఆసియో డ్రైవర్ వేసుకోండి. అది లేకపోతే ఆసియో ఫర్ ఆల్ అనే ఫ్రీ డ్రైవర్ ఉంది.

తేనెటీగల రొద వస్తోందా?

ప్లగిన్ వేశాక చాలామంది అనే మాట ఒకటే. 'ఛీ, తేనెటీగల తుట్టె కదిపినట్టుంది!' అని. తప్పు ప్లగిన్‌ది కాదు. గిటార్ స్పీకర్ దాదాపు 5 కిలోహెర్ట్జ్ పైన ఉండే సౌండ్‌ను బాగా తగ్గించేస్తుంది. పెడల్ ప్లగిన్‌లో ఆ స్పీకర్ ఉండదు. కాబట్టి పెడల్ తర్వాత ఆంప్, దాని తర్వాత క్యాబినెట్ ఐఆర్ ఫైల్ వరుసగా పెట్టాలి. ఐఆర్ అంటే నిజమైన స్పీకర్ సౌండ్ స్వభావాన్ని నింపుకున్న చిన్న ఆడియో ఫైల్. ఇవి కూడా ఫ్రీగా దొరుకుతాయి. ఈ ఒక్క మార్పుతో సగం సమస్య తీరిపోతుంది.

మిగతా సగం లెవల్స్‌లో ఉంటుంది. ఇంటర్‌ఫేస్‌లో ఇన్‌స్ట్రుమెంట్ బటన్ నొక్కండి. గట్టిగా మీటినా ఎర్ర లైటు వెలగకుండా చూసుకోండి. కోత ప్లగిన్‌లో జరగాలి, ఇంటర్‌ఫేస్‌లో కాదు. హమ్ వస్తుంటే లాప్‌టాప్ ఛార్జర్ తీసి బ్యాటరీ మీద వాయించి చూడండి. సౌండ్ ఆగిపోతే ఇబ్బంది ఛార్జర్‌దో, ఇంటి ఎర్తింగ్‌దో అని అర్థం.

ఫజ్ దగ్గర మాత్రం చిన్న తేడా

ఇది నిజాయితీగా చెప్పాల్సిన విషయం. ఓవర్‌డ్రైవ్ ప్లగిన్లు అసలు పెడల్‌కు చాలా దగ్గరగా వస్తాయి. పాత రకం ఫజ్ అంత తేలిగ్గా లొంగదు. కారణం ఏంటంటే.. ఫజ్ ఫేస్ గిటార్ పికప్‌తో నేరుగా ముడిపడి పనిచేస్తుంది. దాని ఇన్‌పుట్ ఇంపిడెన్స్ చాలా తక్కువ. గిటార్ మీద వాల్యూమ్ కాస్త తగ్గిస్తే ఫజ్ కరిగిపోయి గంట మోగినట్టు క్లీన్ సౌండ్ వస్తుంది. ఇంటర్‌ఫేస్ ఇన్‌పుట్ మాత్రం సుమారు 10 లక్షల ఓమ్‌లు ఉంటుంది. పికప్ మీద భారమే పడదు. అందుకే ప్లగిన్‌లో ఆ ముడి తెగిపోతుంది. వాల్యూమ్ తగ్గించినా అంత అందంగా క్లీన్ అవదు. రికార్డింగ్‌కు ఇది పెద్ద లోటు కాదు. క్లీన్ భాగం, ఫజ్ భాగం వేర్వేరు ట్రాకుల్లో వాయించుకుంటే సరిపోతుంది. స్టేజీ మీద ఫజ్ వాయించడమే పని అయితే మాత్రం, కొనే ఒక్క పెడల్ ఫజ్ అయితే మంచిది. మిగతావన్నీ లాప్‌టాప్‌కు వదిలేయొచ్చు.

క్రాక్ జోలికి పోవద్దు

ఫ్రీవి ఇన్ని ఉండగా, పెయిడ్ ప్లగిన్ల క్రాక్ వెర్షన్ల కోసం వెతకడం అవసరమా? 'ముందు యాంటీవైరస్ ఆఫ్ చేయండి' అని చెప్పే ఫైల్‌ను నమ్మడమంటే దొంగకు తాళం చెవి ఇచ్చినట్టే. అదే లాప్‌టాప్‌లో బ్యాంక్ లాగిన్, యూట్యూబ్ ఛానల్ పాస్‌వర్డ్ కూడా ఉంటాయి. ఒక్క ఫైల్‌తో ఏళ్ల కష్టం పోయే ప్రమాదం ఉంది. డబ్బు పోతే వెంటనే 1930కు ఫోన్ చేయాలి.

చట్టం సంగతి కూడా చూడండి. కాపీరైట్ చట్టం 1957లోని సెక్షన్ 63బి ప్రకారం, పైరసీ అని తెలిసీ సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌లో వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంటుంది. వ్యాపారానికి కాకుండా వాడిన సందర్భాల్లో కోర్టు జైలు లేకుండా 50 వేల వరకు జరిమానాతో సరిపెట్టొచ్చు. అయినా పాట కోసం అంత రిస్క్ ఎందుకు? ఫ్రీ ప్లగిన్‌ను కూడా తయారు చేసినవాళ్ల సొంత పేజీ నుంచే డౌన్‌లోడ్ చేసుకోండి.

గిటారే కానక్కర్లేదు

నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య 12 మెట్ల కిన్నెర వాయిస్తారు. 2021లో భీమ్లా నాయక్ టైటిల్ సాంగ్‌తో ఆయన గొంతు ఊరూరా వినిపించింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. పాలమూరు పల్లె వాద్యం స్టూడియో దాకా చేరితే ఎంత దూరం పోతుందో చూశాం.

ప్లగిన్‌కు లోపలికి వచ్చేది గిటారా, ఏక్‌తారా, డప్పా అన్నది తెలియదు. దానికి అన్నీ అంకెలే. డప్పు ట్రాక్‌ను కాపీ చేసి, ఆ కాపీకి కాస్త డిస్టార్షన్ పెట్టి అసలు ట్రాక్ కింద కలిపి చూడండి. దెబ్బ ఇంకా దగ్గరగా వినిపిస్తుంది. ఏక్‌తారకు చిన్న కాంటాక్ట్ మైక్ అతికించి ఫజ్‌లోకి పంపితే, ఇప్పటివరకు ఏ పాటలోనూ వినని సౌండ్ దొరకొచ్చు. ప్రపంచమంతా వాడుతున్న ప్లగిన్లే నల్గొండ కుర్రాడి దగ్గరా ఉన్నాయి. కానీ ఆ డప్పు, ఆ ఏక్‌తార, ఆ యాస మాత్రం అందరి దగ్గరా లేవు. ఈ రోజు ఒక్క ప్లగిన్ డౌన్‌లోడ్ చేయండి. దానికో ఐఆర్ జత చేసి వారం రోజులు దాన్నే వాయించండి. ఇరవై ప్లగిన్లు పోగేసుకోవడం కన్నా అదే మేలు.