మోఖా రేవు - మన కొండ కాఫీ

వేసవి జల్లులు పడిన కొలది దినములకే డుంబ్రిగుడ కొండవాలులలోని కాఫీతోటలు తెల్లగా పూయును. మల్లెలను బోలిన పరిమళము గాలిలో వ్యాపించును. మిరియపుతీగ లల్లుకొన్న నీడచెట్ల క్రింద గిరిజనరైతులు పెంచెడి ఈ కాఫీజాతికి ‘అరబికా’ అని పేరు. అరకులోయ యెక్కడ? అరేబియా యెక్కడ? ఈ పేరెట్లు కలిగినది?

కాఫీచెట్టునకు పుట్టినిల్లు ఆఫ్రికాలోని ఇథియోపియా. ఎఱ్ఱసముద్రమునకు ఆవలనున్న యెమెన్ కొండలలో అది తోటపంట యయ్యెను. 15వ శతాబ్దమున అచ్చటి సూఫీ సాధువులు రాత్రి ప్రార్థనలలో నిద్రను జయించుటకై కాఫీ త్రాగెడివారు. పిమ్మట మోఖా అను రేవునుండి కాఫీ దేశదేశములకు ఎగుమతి యయ్యెను. కొనువారు దానిని మోఖా కాఫీ యనిరి. పంట కొండది, పేరు రేవుది.

ఈ రెండింటిని కన్నులార చూచిన యాత్రికుడు కార్‌స్టెన్ నీబూర్. డెన్మార్కు రాజు పంపిన పండితబృందముతో ఆయన 1763 మార్చిలో యెమెన్ కాఫీకొండల నెక్కెను. చెట్లు పూతమీద నుండెను. రైతులు వాలులను మెట్లు మెట్లుగా మలచి, పైనున్న కుంటలనుండి నీటిని క్రిందికి విడుచుచుండిరి. గెడ్డనీటిని మడినుండి మడికి దింపి వరి పండించు మన మన్యపు రైతునకు ఆ నేర్పు క్రొత్తది కాదు.

ఏప్రిలులో ఆ బృందము మోఖా చేరెను. ఎండ తీవ్రముగా నుండు ఆ పట్టణమున అరబ్బులతోపాటు మన దేశపు వర్తకులును నివసించుచుండిరి. కాఫీతో ధనము గడించిన ఆ దేశమున సామాన్యులు గింజల కషాయముకంటె పైతొక్కతో కాచిన ‘కిషర్’ అను పానీయమునే ఎక్కువగా త్రాగుట నీబూర్ గమనించెను.

సుంకపు చావడిలో ఒక చిక్కు కలిగెను. బృందములోని శాస్త్రజ్ఞుడు ఫోర్స్కల్, సముద్రపు చేపలను సారాయిలో నిలువచేసి తెచ్చెను. అధికారులు ఆ పాత్రలను తెఱువగానే దుర్గంధము చావడియంతయు నిండెను. వేఱొక పాత్రలో పాములు కనబడెను. ‘వీరు మనలను విషముతో చంపవచ్చినారు’ అని జనులు కోపించిరి. యాత్రికుల సామానును బయటికి విసరివేసిరి.

కొన్నిదినములకు పట్టణాధికారి కాలికి గాయము తగిలెను. బృందములోని వైద్యుడు చికిత్స చేసెను. అనుమానము స్నేహముగా మాఱెను. అయినను జ్వరములు వారిని విడువలేదు. మే నెలలో ఒకరు మోఖాలోనే మరణించిరి; జూలైలో ఫోర్స్కల్ యెమెన్ కొండసీమలో కన్నుమూసెను. బయలుదేరిన ఆర్గురిలో స్వదేశము చేరినవాడు నీబూర్ ఒక్కడే. ఇన్ని కష్టములు పడియు ఆయన అరబ్బులను దూషింపలేదు. దారిలో వారు చూపిన ఆదరమును తన గ్రంథమున మెచ్చుకొనెను. సుంకపు చావడిని చూచి దేశమును తీర్పు తీర్చరాదని ఆయనకు తెలియును.

మొలకెత్తగల కాఫీగింజ దేశము దాటకుండ యెమెన్ వర్తకులు కాపాడెడివారని చెప్పుదురు. 17వ శతాబ్దమున బాబా బుడన్ అను సాధువు ఏడు గింజలను రహస్యముగా తెచ్చి కన్నడదేశపు చంద్రగిరిపై నాటెనని ప్రతీతి. డచ్చివారు జావాలో తోటలు వేసిరి. 1839లో ఆంగ్లేయులు ఏడెను రేవును ఆక్రమించిన పిమ్మట మోఖా వర్తకము మఱింత క్షీణించెను. ఒకనాటి మహానగరము నేడు చిన్న పట్టణము. యెమెన్ కొండలలో మాత్రము కాఫీ నేటికిని పండుచున్నది.

మన మన్యపు కాఫీ మాత్రము రేవుపేరుతో కాక, పుట్టిన లోయపేరుతోనే వెలయుచున్నది. 2019లో ‘అరకులోయ అరబికా’కు భౌగోళిక గుర్తింపు లభించెను. గిన్నెలోని కాఫీని త్రాగునపుడు రేవును మాత్రమే గాక, కొండపై గింజలు కోసిన చేతులను కూడ స్మరించుట మనకు ధర్మము.