‘మనవాడు’ పరాయివాడయ్యే వేళ: తెలుగునాట క్రీడాభిమానుల ఆగ్రహం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఓటమి అభిమానిని బాధిస్తుంది. అయితే ఒక క్రీడాకారుణ్ణో శిక్షకుణ్ణో ఏళ్ల తరబడి నిరసించడానికి ఓటమి ఒక్కటే చాలదు. హైదరాబాదు నగర క్రీడాచరిత్రలోని మూడు సందర్భాలను (మహమ్మద్ అజారుద్దీన్, డేవిడ్ వార్నర్, సానియా మీర్జా), ఆంధ్ర రంజీ జట్టులోని ఒక సందర్భాన్ని (హనుమ విహారి) తీసుకుని, అభిమానుల ఆగ్రహం ఎప్పుడు పుడుతుంది, ఎవరి మీదికి మళ్లుతుంది అన్న విషయాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. జట్టుపై అభిమానికి మమకారం ఉంది గాని అధికారం లేదు. ఈ అంతరమే ఆగ్రహానికి మూలమని ఇందులోని ప్రధాన ప్రతిపాదన. సొంత జట్టు లేని కుప్పం, పుంగనూరు, మదనపల్లె వంటి సరిహద్దు పట్టణాలు ఈ ప్రతిపాదనను పరీక్షించడానికి తగిన ఆధారంగా నిలుస్తాయి.

కీలక పదాలు: క్రీడాభిమానం, ఆగ్రహం, ప్రాతినిధ్యం, హైదరాబాదు క్రికెట్, సరిహద్దు పట్టణాలు.

1. ప్రవేశిక:
తెలుగులో ఆటగాణ్ణి అభిమానించే తీరును ‘మనవాడు’ అన్న ఒక్క మాట పట్టి ఇస్తుంది. అందులో బంధుత్వం ఉంది, హక్కు ఉంది, గర్వమూ ఉంది. బంధుత్వాన్ని సూచించే ఈ మాటను వెనక్కి తీసుకోవడమూ సాధ్యమే. నిన్నటి దాకా ‘మనవాడు’ అయినవాణ్ణి ఈరోజు ‘వాడెవడు’ అనడంలో ఉన్న కాఠిన్యం, మొదటినుంచీ పరాయివాడైన ప్రత్యర్థి పట్ల కనిపించదు.

ఈ స్థితిని అర్థం చేసుకోవడానికి ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో చేసిన ప్రతిపాదన ఉపకరిస్తుంది. ఒక సంస్థ నాణ్యత దిగజారినప్పుడు దాన్ని ఆశ్రయించినవారి ముందు రెండు దారులుంటాయని ఆయన వివరించారు. ఒకటి నిష్క్రమణ, రెండోది నిరసన. సంస్థ పట్ల విధేయత బలంగా ఉన్నవారు వెంటనే నిష్క్రమించరు, ఉండి నిరసిస్తారు. సరుకు నచ్చకపోతే వినియోగదారుడు మరో దుకాణానికి వెళ్తాడు. క్రీడాభిమానికి అది అంత సులభం కాదు. అతడు పుట్టిన ఊరినీ, ఆ ఊరి పేరు పెట్టుకున్న జట్టునూ వదులుకోలేడు. కనుక అతనికి మిగిలేది నిరసన. ఆ నిరసనను వినవలసిన బాధ్యత ఎవరికీ లేనప్పుడు అది ఆగ్రహంగా మారుతుంది.

2. విశ్వాసభంగం – అజారుద్దీన్:
1984-85లో ఇంగ్లండుపై ఆడిన తొలి మూడు టెస్టుల్లోనూ శతకాలు సాధించి అజారుద్దీన్ హైదరాబాదుకు గర్వకారణమయ్యారు. 47 టెస్టులకు నాయకత్వం వహించారు. 2000 ఏప్రిల్‌లో ఢిల్లీ పోలీసులు దక్షిణాఫ్రికా నాయకుడు హాన్సీ క్రోన్యే వ్యవహారాన్ని బయటపెట్టడంతో మ్యాచ్ ఫిక్సింగ్ దర్యాప్తు మొదలైంది. ఆ ఏడాది డిసెంబరులో భారత క్రికెట్ నియంత్రణ మండలి అజారుద్దీన్‌పై జీవితకాల నిషేధం విధించింది. ఆయన టెస్టు జీవితం 99 మ్యాచ్‌ల వద్ద ఆగిపోయింది. ఆ నిషేధం చట్టరీత్యా చెల్లదని 2012 నవంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు ఇచ్చింది.

ఫిక్సింగ్ ఆరోపణ అభిమానిని గాయపరిచే తీరు ప్రత్యేకమైనది. ఓడిపోయిన ఆటను అభిమాని క్షమిస్తాడు. ఆట నిజం కాదేమోనన్న అనుమానాన్ని భరించలేడు. ఆ అనుమానం వర్తమానంతో ఆగదు. గతంలో తాను రాత్రుళ్లు మేలుకొని చూసిన ప్రతి ఆటనూ అది వెనక్కి వెళ్లి తడుముతుంది. న్యాయస్థానం నిషేధాన్ని రద్దు చేయగలదు గాని ఆ జ్ఞాపకాలకు మునుపటి స్వచ్ఛతను తిరిగి ఇవ్వలేదు. చట్టపరమైన విముక్తికీ, అభిమానుల క్షమకూ మధ్య దూరం ఇక్కడే ఏర్పడుతుంది.

అయినా ఆయన ప్రజాజీవితం ముగియలేదు. 2009లో మొరాదాబాదు నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 2019 సెప్టెంబరులో హైదరాబాదు క్రికెట్ సంఘం అధ్యక్షుడయ్యారు. ఆటగాడిపై ఉన్న సందేహం కంటే పాలకుడిపై వచ్చిన ఆగ్రహం ఈ దశలో ప్రత్యక్షంగా వ్యక్తమైంది. 2022 సెప్టెంబరు 22న భారత్-ఆస్ట్రేలియా టీ20 మ్యాచ్ టికెట్ల కోసం సికింద్రాబాదు జింఖానా మైదానానికి వేలాదిగా తరలివచ్చిన అభిమానుల మధ్య తొక్కిసలాట జరిగింది. పోలీసులు లాఠీలు ఝళిపించారు. పలువురు గాయపడ్డారు. విమర్శ నేరుగా సంఘం మీదికీ, దాని అధ్యక్షుడి మీదికీ వెళ్లింది. సంఘం తప్పేమీ లేదని ఆయన సమర్థించుకున్నారు. తరువాతి ఏడాది ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సంఘం వ్యవహారాల పర్యవేక్షణకు విశ్రాంత న్యాయమూర్తి ఎల్. నాగేశ్వరరావుతో ఏకసభ్య కమిటీని నియమించింది. ఉప్పల్ స్టేడియం ఉత్తర స్టాండుకున్న అజారుద్దీన్ పేరును తొలగించాలని 2025 ఏప్రిల్‌లో సంఘం అంబుడ్స్‌మన్ ఆదేశించారు. హైకోర్టు ఆ ఆదేశంపై స్టే ఇచ్చింది. 2000 నాటి ఆగ్రహం ‘నువ్వు నిజంగా ఆడావా’ అని అడిగితే, 2022 నాటి ఆగ్రహం ‘మాకు టికెట్టు ఎందుకు దొరకలేదు’ అని అడిగింది. రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పించుకునే మార్గం అభిమాని చేతిలో లేదు.

3. అనుబంధ ఖండన – వార్నర్, శిక్షకబృందం:
రెండో సందర్భంలో ఆగ్రహం ఆటగాడిపై కాక, అతణ్ణి దూరం చేసినవారిపై వ్యక్తమైంది. ఆస్ట్రేలియాకు చెందిన డేవిడ్ వార్నర్ 2016లో సన్‌రైజర్స్ హైదరాబాద్‌ను విజేతగా నిలిపారు. ఆ ఏడాది 848 పరుగులు చేశారు. 2015, 2017, 2019 సంవత్సరాల్లో ఐపీఎల్‌లో అత్యధిక పరుగులు సాధించిన ఆటగాడిగా నిలిచారు. తెలుగు సినిమా పాటలకు కుటుంబంతో కలిసి నృత్యం చేస్తూ 2020లో ఆయన విడుదల చేసిన వీడియోలు మైదానం బయట కూడా ఆయనను తెలుగు ఇళ్లకు దగ్గర చేశాయి.

2021లో జట్టు తొలి ఆరు మ్యాచ్‌ల్లో అయిదు ఓడింది. మనీష్ పాండేను పక్కనపెట్టడం తన నిర్ణయం కాదని, అది కఠినమైన నిర్ణయమని వార్నర్ బహిరంగంగా అన్నారు. మే 1న యాజమాన్యం ఆయనను నాయకత్వం నుంచి తప్పించి కేన్ విలియమ్సన్‌ను నియమించింది. మరునాటి మ్యాచ్‌లో ఆయనకు తుది జట్టులోనే చోటు దక్కలేదు. కొవిడ్ వల్ల ఆగిన పోటీలు సెప్టెంబరులో యూఏఈలో తిరిగి మొదలయ్యాక రెండు మ్యాచ్‌లు ఆడించి మళ్లీ తప్పించారు. ఒక మ్యాచ్‌కు ఆయన స్టేడియానికి కూడా రాకపోవడంపై ప్రశ్న ఎదురైనప్పుడు, యువ ఆటగాళ్లకు మైదాన అనుభవం కల్పించదలిచామని ప్రధాన శిక్షకుడు ట్రెవర్ బేలిస్ చెప్పారు. అభిమానుల కోపం బేలిస్ మీదికీ, క్రికెట్ డైరెక్టర్ టామ్ మూడీ మీదికీ, యాజమాన్యం మీదికీ మళ్లింది. ఆ సీజన్‌లో జట్టు అట్టడుగున నిలిచింది. కొద్ది వారాలకే టీ20 ప్రపంచకప్‌లో వార్నర్ ఉత్తమ క్రీడాకారుడిగా ఎంపిక కావడం ఆ కోపానికి సమర్థనగా పనిచేసింది.

స్థానికుడు, పరాయివాడు అన్న విభజనతో దీన్ని వివరించడం కుదరదు. ఆ జట్టుకు మార్గదర్శకుడిగా ఉన్నది హైదరాబాదీ అయిన వి.వి.ఎస్. లక్ష్మణ్. అభిమానులు ‘మనవాడు’ అన్నది ఆస్ట్రేలియా వాసిని. అంటే పుట్టుక కంటే, ‘నేను మీవాణ్ణి’ అని పలుమార్లు ప్రకటించుకోవడమే ఇక్కడ బంధాన్ని నిర్మించింది. ఫామ్ లేని ఆటగాణ్ణి తప్పించే అధికారం శిక్షకుడికి ఉంది. ఆ నిర్ణయంలో క్రీడాపరమైన తర్కమూ ఉండవచ్చు. వివరణ లేకుండా, ఘనత ఉన్నవాణ్ణి చిన్నబుచ్చినట్లు కనిపించిన తీరే అభిమానులకు మింగుడుపడలేదు. 2023 ఏప్రిల్ 24న ఢిల్లీ జట్టు నాయకుడిగా వార్నర్ ఉప్పల్‌కు వచ్చి ఏడు పరుగుల తేడాతో గెలిచారు. ప్రత్యర్థిగా వచ్చినా ఆయన పట్ల ఆదరణ తగ్గలేదు. 2025లో ‘రాబిన్‌హుడ్’ తెలుగు చిత్రంలోనూ కనిపించారు.

ఇదే స్వభావం గల ఘటన 2005 నవంబరు 25న కోల్‌కతాలో జరిగింది. సౌరవ్ గంగూలీకి జట్టులో చోటు దక్కకపోవడంతో ఈడెన్ గార్డెన్స్ ప్రేక్షకులు భారత జట్టును గేలిచేసి దక్షిణాఫ్రికాను ప్రోత్సహించారు. వారి ఆగ్రహానికి ప్రధాన లక్ష్యం శిక్షకుడు గ్రెగ్ చాపెల్. బార్సిలోనాలో దీనికి భిన్నంగా జరిగింది. 2000లో ప్రత్యర్థి రియల్ మాడ్రిడ్‌కు తరలిపోయిన లూయిస్ ఫిగో మీదికి 2002లో అభిమానులు పంది తలను విసిరారు. ఫిగో తానే వెళ్లాడు. గంగూలీని, వార్నర్‌ను దూరం చేశారు. బంధం తెగినప్పుడు అభిమాని మొదట వెదికేది తెంచినవారిని. ఆగ్రహం దిశను నిర్ణయించేది ఆ గుర్తింపే.

4. ప్రాతినిధ్య వివాదం – సానియా మీర్జా:
ఆటగాళ్లపై వచ్చే ప్రతి నిరసననూ అభిమానుల ఆగ్రహంగా లెక్కగట్టరాదని సానియా మీర్జా ఉదంతం హెచ్చరిస్తుంది. 2005 ఫిబ్రవరిలో హైదరాబాదులోనే డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచి, ఆ ఘనత సాధించిన తొలి భారతీయ మహిళగా ఆమె నిలిచారు. అదే ఏడాది ఆమె దుస్తులపై మతపెద్దలు కొందరు అభ్యంతరం చెప్పారు. 2010 ఏప్రిల్‌లో పాకిస్తాన్ క్రికెటర్ షోయబ్ మాలిక్‌ను వివాహం చేసుకున్నారు. 2014 జూలైలో కొత్త రాష్ట్రం తెలంగాణ ఆమెను ప్రచారకర్తగా నియమించినప్పుడు, ఆమెను పాకిస్తాన్ కోడలిగా పేర్కొంటూ బీజేపీ శాసనసభా పక్ష నాయకుడు కె. లక్ష్మణ్ వ్యతిరేకించారు. తాను చివరిదాకా భారతీయురాలినేనని ఆమె బదులిచ్చారు. మరుసటి ఏడాది డబుల్స్‌లో ప్రపంచ ప్రథమ ర్యాంకు సాధించారు.

ఈ నిరసనల్లో ఆట ప్రస్తావన లేదు. దుస్తులు, వివాహం, పుట్టిన ఊరు, మెట్టిన ఇల్లు – ఇవే చర్చావిషయాలు. పురుష క్రీడాకారుడి వివాహం అతని ప్రాతినిధ్య హక్కును ఈ స్థాయిలో ప్రశ్నార్థకం చేయదు. ‘మనవాడు’ అన్న మాట ఆటతో సంపాదించుకునేది. ‘మన అమ్మాయి’ అన్న మాటకు నడవడి షరతులు తోడవుతాయి. అభిమాని కోపం విరిగిన ప్రేమ నుంచి వస్తుంది. సానియాపై వచ్చిన వ్యతిరేకతలో అధికభాగం ఆమె ఆటను ఎన్నడూ అనుసరించనివారి నుంచి కూడా రాగలిగినది. పరిశోధకులు ఈ రెంటినీ వేరుచేసి చూడవలసి ఉంది.

5. సంఘంపై ఆగ్రహం – హనుమ విహారి:
2021 జనవరిలో సిడ్నీ టెస్టులో కండరం పట్టేసినా 161 బంతులు ఎదుర్కొని మ్యాచ్‌ను డ్రాగా ముగించడంలో విహారి తోడ్పడ్డారు. 2023లో మధ్యప్రదేశ్‌తో రంజీ క్వార్టర్ ఫైనల్లో మణికట్టు విరిగినా ఎడమచేతి వాటంతో బ్యాటింగ్ చేశారు. 2024 ఫిబ్రవరి 26న ఆయన ఒక ప్రకటన విడుదల చేశారు. జట్టులోని పదిహేడో ఆటగాణ్ణి మందలించినందుకు, రాజకీయ నాయకుడైన ఆ ఆటగాడి తండ్రి ఒత్తిడితో సంఘం తనను నాయకత్వం వదులుకోమందని, ఇకపై ఆంధ్ర తరఫున ఆడనని ఆయన అందులో చెప్పారు. ఆ ఆటగాడు ఈ ఆరోపణను ఖండించారు. అప్పటి ప్రతిపక్ష నాయకుడు, కుప్పం శాసనసభ్యుడు చంద్రబాబు నాయుడు సహా పలువురు విహారికి మద్దతు పలికారు. ప్రభుత్వం మారాక విహారి ఆంధ్రకు తిరిగివచ్చి ఆడి, 2025లో త్రిపురకు మారారు.

ఈ ఉదంతంలో నాయకుడి మార్పు, మద్దతు, పునరాగమనం – ప్రతి మలుపూ రాజకీయ అధికారంతో ముడిపడి చర్చకు వచ్చింది. చిత్తూరు నుంచి శ్రీకాకుళం దాకా జిల్లాలన్నిటికీ ప్రాతినిధ్యం వహించే జట్టు అది. అయినా ఆ జిల్లాల అభిమానులకు సంఘం ఎన్నికల్లో ఓటు లేదు.

6. సరిహద్దు పట్టణాలు – నిష్క్రమణ సులభమైన చోటు:
కుప్పం మూడు రాష్ట్రాల కూడలి. తెలుగు, తమిళం, కన్నడం మూడూ అక్కడి వీధుల్లో వినిపిస్తాయి. కుప్పం, పుంగనూరు, మదనపల్లెలకు హైదరాబాదు కంటే బెంగళూరు, చెన్నైలు ఎంతో దగ్గర. ఆంధ్రప్రదేశ్‌కు ఐపీఎల్ జట్టు లేదు. ఈ పరిస్థితిలో ఇక్కడి అభిమాని ముందు భాషను బట్టి ఒక జట్టు, దూరాన్ని బట్టి మరో రెండు జట్లు ఉంటాయి. ఆటగాణ్ణి బట్టి ఏ జట్టునైనా ఎంచుకోవచ్చు. హిర్ష్‌మన్ పరిభాషలో, హైదరాబాదు అభిమానికి మూసుకుపోయిన నిష్క్రమణ ద్వారం ఇక్కడి అభిమానికి తెరిచే ఉంది.

సిద్ధాంతం ప్రకారం నిష్క్రమణ సులభమైన చోట ఆగ్రహం తక్కువగా ఉండాలి. వార్నర్‌ను తప్పించినప్పుడు కుప్పం యువకుడు బెంగళూరు జట్టుకు మారిపోవచ్చు. ఉప్పల్ యువకుడికి ఊరి పేరు అడ్డువస్తుంది. అయితే రాష్ట్ర జట్టు విషయంలో ఈ వెసులుబాటు లేదు. మదనపల్లెలో క్రికెట్ సాధన చేసే బాలుడు పైకి ఎదగాలంటే జిల్లా, రాష్ట్ర సంఘాల గుండానే వెళ్లాలి. కనుక ఫ్రాంచైజీ విషయంలో తేలికగా నిష్క్రమించగల అదే అభిమాని, విహారి ఉదంతంలో సంఘాన్ని తేలికగా వదిలిపెట్టలేడు. ఒకే వ్యక్తిలో రెండు రకాల విధేయతలు ఉండగలవని ఈ పట్టణాలు సూచిస్తున్నాయి.

7. ముగింపు:
పై సందర్భాలను కలిపి చూస్తే అభిమానుల ఆగ్రహానికి ఒక క్రమం కనిపిస్తుంది. ఆట నిజాయితీపై సందేహం కలిగితే అది ఆటగాడిని తాకుతుంది. అభిమానించిన ఆటగాణ్ణి అగౌరవపరిచారని తోస్తే శిక్షకుణ్ణి, యాజమాన్యాన్ని తాకుతుంది. ఆటతో సంబంధం లేని గుర్తింపులపై పుట్టిన వ్యతిరేకత దీనికి వెలుపలిది; దాన్ని అభిమానుల ఖాతాలో వేయడం అన్యాయం. అన్నిటా అంతర్లీనంగా ఉన్నది జవాబుదారీతనం లేని నిర్ణయాధికారం. టికెట్ల అమ్మకం మొదలు నాయకుడి మార్పు దాకా కారణాలు సకాలంలో బహిరంగంగా చెప్పే పద్ధతి ఏర్పడితే, అభిమాని ఆ నిర్ణయాలతో విభేదించినా ప్రశ్నించడానికి ఒక తావు దొరుకుతుంది. అంతవరకు టికెట్టు కొని, గొంతు చించుకుని, జట్టు పేరును తన ఊరి పేరుగా మోసేవాడికి కోపం ఒక్కటే సొంత ఓటుగా మిగులుతుంది.