పేపర్ కప్పు ఉత్త పేపరేనా?

మన నూజివీడు చిన్నరసానికి కప్పూ అక్కర్లేదు, స్ట్రా కూడా అక్కర్లేదు. మెత్తగా పిసికి, ముచ్చిక తుంచి జుర్రేస్తాం. తొక్క మట్టిలో కలిసిపోతుంది, టెంక పడిన చోట మొక్కవుతుంది.

మరి విజయవాడ వెళ్లినప్పుడు కాఫీ షాపులో ఇచ్చే పేపర్ కప్పు సంగతేంటి? అది ఉత్త పేపర్ కాదండి. కాఫీ కారిపోకుండా లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. అందుకే మామూలు కాగితంతో కలిపి రీసైకిల్ చేయడం కష్టం. ప్లాస్టిక్ స్ట్రాలు, కలిపే పుల్లలు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. ఈ కప్పు మాత్రం మన చేతికి వస్తూనే ఉంది.

ఏం చేద్దాం? అక్కడే కూర్చుని తాగేటట్టయితే, బిల్లు కొట్టకముందే "పింగాణీ కప్పులో ఇవ్వండి" అని అడగండి. పేపర్ కప్పు తీశాక అడిగితే లాభం లేదు. పార్సిల్ అయితే మీ స్టీల్ టంబ్లర్ ఇచ్చి చూడండి. అవసరం లేని మూత, టిష్యూలు వద్దనండి. అడగడానికి మొహమాటం ఎందుకు? ఒక్క మాటే కదా!