ఎండ తగులు పెరటికి బహుమానము నొందిన పూలు

విత్తనముల పొట్లముపై బహుమాన ముద్ర కనబడినంతనే దానిని కొనుట మనలో చాలమందికి వాడుక. ఆ ముద్ర యెట్లు లభించునో ముందుగా తెలిసికొనుట మేలు.

అమెరికాలో 1932వ సంవత్సరమున ‘ఆల్ అమెరికా సెలక్షన్స్’ అను సంస్థ యేర్పడినది. అంతవరకు అంగడికి రాని క్రొత్త రకములను వారు అమెరికా, కెనడా దేశములలోని పరీక్షాక్షేత్రములందు పెంచింతురు. రకము పేరు నిర్ణేతలకు తెలియదు. అంకె మాత్రమే తెలియును. ప్రక్కమడిలో అప్పటికే అంగడిలో దొరకుచున్న అట్టి రకమునే నాటి, రెంటిని సరిపోల్చి చూతురు. నిర్ణేతలకు జీతము లేదు. ఈ పద్ధతి మాకు మిక్కిలి నచ్చినది.

జీనియా మొక్కల ఆకులు బూడిద తెగులుచే తెల్లబడి చెడుట పూలతోట పెంచినవారెల్ల నెరిగినదే. 1999లో స్వర్ణపతకము పొందిన ‘ప్రొఫ్యూజన్’ రకము రెండు జీనియా జాతుల సంకరమువలన పుట్టి, ఆ తెగులును బాగుగా నోర్చుచున్నది. అడుగెత్తున గుబురుగా పెరుగును. వాడిన పూలు త్రుంచకున్నను పూయుచునే యుండును. అయితే పూలు చిన్నవి, కాడలు పొట్టివి. పెద్దపూలు కోసికొనగోరువారు 2018లో బహుమానము పొందిన ‘క్వీనీ లైమ్ ఆరెంజ్’ వేసికొనవచ్చును.

మనకు పరిచితమైన బిళ్ళగన్నేరులో ‘జామ్స్ అండ్ జెల్లీస్ బ్లాక్‌బెర్రీ’ 2012లో గెలిచినది. పూవు నల్లనూదా రంగు, నడుమ తెల్లని చుక్క. ఎండకు వెరవదు గాని నీరు నిలిచినచో వేరు కుళ్లును. ఈ జాతి ఆకు విషము గనుక పశువుల కందనిచోట నాటవలెను.

ఇక రైతు గమనింపవలసినది. ఈ బహుమానములు మన రోహిణీకార్తె యెండలో నిచ్చినవి కావు. కావున మడియంతయు వీనికే యీయక, ఒక వరుసలో క్రొత్తదానిని, ప్రక్క వరుసలో మనమిదివరకు పెంచుచున్న పూలను, ఒకే దినమున, ఒకే యెరువుతో నాటి, పూచిన దినములను లెక్కించుడు. పొట్లముపై ‘ఎఫ్ 1’ అని యున్నచో విత్తనము దాచుకొన్నను మరుసటేడు తల్లిని పోలిన మొక్కలన్నియు రావు; ఏటేట కొనవలసినదే. ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధనా సంస్థవారి ‘పూసా నారంగీ గేందా’ బంతికి ఆ యమెరికా ముద్ర లేదు గాని, ఇతర బంతులకు దూరముగా పెంచినచో దాని విత్తనము మనమే దాచుకొనవచ్చును.

బహుమాన రకముల పొట్లములు వెల హెచ్చు. నలుగురైదుగురు సభ్యులు కలిసి ఒక్క పొట్లము తెప్పించి, ఒకచోట నారు పోసి పంచుకొనుట మంచిది.