మూడు గ్లాసులు – నాలుగు ఉండలు

సైన్సు విద్యార్థి గారడీ గురించి వ్రాయడమేమిటని మిత్రులు నవ్వవచ్చు. సావనీరుకు వ్యాసం ఇమ్మన్న లెక్చరరు గారు కూడా మొదట నవ్వారు. "ఫిజిక్సులో ఇంకేమీ దొరకలేదటయ్యా?" అన్నారు. దొరకక కాదు. ఈ ఆటకు మా ఇంట్లో ఒక పాత బాకీ ఉంది. ముందు ఆ సంగతి చెప్పి, తరువాత ఆటలోకి వస్తాను.

మాది నేలకొండపల్లి. ఖమ్మం నుంచి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. భక్త రామదాసుగా పేరుపొందిన కంచెర్ల గోపన్న పుట్టిన ఊరు. పాత బౌద్ధస్తూపం ఉన్న ఊరు. విరాటరాజు కొలువు ఇక్కడే ఉండేదని మా పెద్దలు చెప్పుకుంటారు. అంటే పాండవులు పదిమంది కళ్ళెదుటే తిరుగుతూ ఏడాదిపాటు ఎవరికీ దొరకకుండా ఉన్నది మా ఊళ్ళోనేనట! అది నిజమో కాదో చరిత్రకారులు తేల్చాలి. నేను చెప్పబోయే ఆటలో మాత్రం దాగిన వస్తువు ఎప్పుడూ కళ్ళెదుటే ఉంటుంది.

నాకప్పుడు పన్నెండేళ్ళు. మిర్చి అమ్మిన డబ్బు నడుముకు కట్టుకొని నాయన నన్నొక జాతరకు తీసుకువెళ్ళాడు. చెట్టుకింద ఒకడు గోనెసంచి పరచుకొని మూడు గిన్నెలు బోర్లించి కూర్చున్నాడు. ఒకదానికింద చిన్న రబ్బరు ఉండ పెట్టి గిన్నెలను అటూ ఇటూ జరుపుతాడు. ఉండ ఎక్కడుందో చూపిస్తే పెట్టిన డబ్బుకు రెట్టింపు! మా ముందు ఇద్దరు గెలిచారు. నాయన కూడా మొదట వంద గెలిచాడు. అరగంటలో, ఎరువు బస్తాలకని దాచిన నాలుగువేలు పోయినాయి. తిరుగుబస్సులో నాయన ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చి అమ్మతో, ఎవడో జేబు కొట్టేశాడని చెప్పాడు. నేను నోరు విప్పలేదు. ఆ తరువాత ఎనిమిదేళ్ళు మా ఇద్దరి మధ్య ఆ ఊసు రాలేదు.

ఆట పాతదే

జాతరలో నేను చూసింది దొంగ రూపం. అసలు ఆట చాలా పాతది, పరువైనది. దాదాపు రెండువేల ఏళ్ళ క్రితం రోమునగరంలో సెనెకా అనే తత్త్వవేత్త తన ఉత్తరాలలో గారడీవాళ్ళ గిన్నెలను, గులకరాళ్ళను ప్రస్తావించాడు. ఇంగ్లండులో 1584లో రెజినాల్డ్ స్కాట్ తన పుస్తకంలో ఉండల గారడీ మర్మాలను విప్పి చెప్పాడు. కనికట్టు చేసేవాళ్ళను మంత్రగాళ్ళని హింసించే రోజులవి. ఇందులో దయ్యం లేదు, చేతివాటమే ఉన్నదని చెప్పడం ఆయన ఉద్దేశం. కేరళలో దీనిని 'చెప్పుం పందుం' అంటారు. చెప్పు అంటే మన కాలి చెప్పు కాదు సుమా, భరిణె! వాళకున్నం నంబూదిరి అనే ఆయన ఈ ఆటలో అక్కడ గొప్ప పేరు సంపాదించారు.

మనకూ తక్కువ లేదు. తెలంగాణలో సాధనాశూరులు పద్మశాలీలను ఆశ్రయించి ఇంద్రజాల విద్యలు ప్రదర్శిస్తూ బ్రతికినవారు. బ్రాహ్మణుల ఇళ్ళ ముందు గారడీ చేసే విప్రవినోదుల పేరు విజయనగర కాలపు శాసనాలలోనూ కనబడుతుంది. వీళ్ళెవరూ జూదగాళ్ళు కారు. "ఇది కనికట్టు" అని ముందే చెప్పి, మెప్పించి, ఇచ్చింది పుచ్చుకొనేవారు. చెప్పి మోసం చేయడం కళ. చెప్పకుండా చేయడం దొంగతనం. ఈ రెంటినీ మనం ఒకే గాటన కట్టగూడదు.

కావలసిన సామాను

ఒకే కొలతవి మూడు స్టీలు గ్లాసులు. పైన వెడల్పుగా, కింద సన్నగా ఉండాలి. ఒకదానిలో ఒకటి ఇమడాలి. ఇమిడినప్పుడు అడుగుల మధ్య ఒక ఉండ పట్టేంత సందు మిగలాలి. బోర్లించినప్పుడు అడుగు కాస్త లోపలికి నొక్కుకొని ఉంటే పైన పెట్టిన ఉండ దొర్లిపోదు. ఇక ఉండలు: దూదిని రేగుపండంత చుట్టి, పైన నూలుదారం బిగించాలి. గోలీ పనికిరాదు. స్టీలుకు తగిలి టింగుమంటే గుట్టు రట్టే!

చూసేవారికి కనబడే ఉండలు మూడు. మన దగ్గర ఉండేవి నాలుగు. ఈ ఆటలోని రహస్యమంతా ఆ నాలుగోది.

చేసే విధం

గ్లాసులు ఒకదానిలో ఒకటి పెట్టి మూతులు పైకి ఉండేటట్లు పట్టుకోవాలి. నాలుగో ఉండ ముందే నడిమి గ్లాసులో ఉంటుంది. కనబడే మూడూ పై గ్లాసులో ఉంటాయి. వాటిని బల్లమీదికి ఒంపి వరుసగా పెట్టండి. ఇప్పుడు అడుగు గ్లాసును లాగి, చెయ్యి ముందుకు ఊపుతూ బల్లపై బోర్లించండి. తరువాత నడిమిది. తరువాత మిగిలినది. నడిమి గ్లాసు బోర్లించేటప్పుడు దానిలోని ఉండ బయటికి రాకూడదు. ఎట్లా? నీళ్ళ బకెట్టును గుండ్రంగా తిప్పితే నీరు ఒలకదు గదా! గ్లాసు ఊపుగా వంపు తిరుగుతున్నంతసేపు ఉండ అడుగుకే అంటుకొని ఉంటుంది. చెయ్యి జంకితే మాత్రం జారిపడుతుంది. మూడు గ్లాసులనూ ఒకే ఊపుతో బోర్లించాలి. నడిమిదాని దగ్గర చెయ్యి తొందరపడినా, ఆగినా చూసేవారు పసిగడతారు.

ఇప్పుడు ఒక ఉండను నడిమి గ్లాసు నెత్తిన పెట్టి, మిగిలిన రెండు గ్లాసులూ దానిమీద బోర్లించండి. వేలితో తట్టి మూడింటినీ కలిపి ఎత్తండి. కింద ఉండ! స్టీలును దూసుకొని దిగిందా? దిగలేదు. కింద ఉన్నది నాలుగోది. నెత్తిన పెట్టినది గ్లాసుల సందులో ఉంది. దొంతరను తిరగేస్తే అది మళ్ళీ నడిమి గ్లాసులోకే చేరుతుంది. అంటే రెండో విడతకు సరంజామా దానంతటదే సిద్ధం. మళ్ళీ వరుసగా బోర్లించండి, నడిమి గ్లాసును బల్లపై ఉన్న ఉండమీద పెట్టండి. రెండో ఉండను నెత్తిన పెట్టి, తక్కినవి కప్పి ఎత్తితే రెండు. మూడోసారి మూడు.

నాకు చెయ్యి కుదరడానికి మూడు నెలలు పట్టింది. ఉండలు హాస్టలు మంచాల కిందికి దొర్లుతుంటే రూమ్మేట్లు పడిన బాధ వాళ్ళనే అడగండి.

కన్ను మోసపోతుందా?

చెయ్యి కంటికన్నా వేగమైనదని లోకం అనుకుంటుంది. కాదు. పైన చెప్పిన పనిలో వేగమే లేదు. మోసపోయేది కన్ను కాదు, గమనం. 1999లో సైమన్స్, చాబ్రిస్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. బంతి విసురుకొనే ఆటగాళ్ళ వీడియో చూపించి, ఎన్నిసార్లు విసిరారో లెక్కపెట్టమన్నారు. మధ్యలో గొరిల్లా వేషం వేసుకున్న మనిషి నడిచి వెళ్ళాడు. చూసినవారిలో సుమారు సగంమందికి ఆ గొరిల్లా కనబడనేలేదు! అమెరికాలో పెన్, టెల్లర్ అనే జంట ఇదే గిన్నెల ఆటను పారదర్శకమైన గ్లాసులతో ఆడతారు. లోపలంతా కనబడుతున్నా చూసేవారు ఉండ వెంట పోలేరు. మన బి.వి. పట్టాభిరామ్ గారు ఇంద్రజాలంతో మొదలుపెట్టి మనస్తత్వ శాస్త్రం దాకా నడిచారంటే ఆశ్చర్యమేముంది? రెండూ ఇరుగుపొరుగు ఇళ్ళే.

గారడీవాడు ఎటు చూస్తే మనమూ అటే చూస్తాం. ఆయన నవ్విస్తే ఆ నవ్వులో గమనం సడలుతుంది. అసలు పని అప్పుడు జరుగుతుంది.

ఇక జాతరవాడి లెక్క. వాడు నిజాయితీగా ఆడినా, కళ్ళు మూసుకొని చూపించేవాడు మూడుసార్లకు ఒకసారే గెలుస్తాడు. మూడువందలు పెడితే రెండువందలు వస్తాయి. వాడు నిజాయితీగా ఆడడు. గిన్నె జరిపేటప్పుడు మెత్తటి రబ్బరు ఉండ వెనుక అంచు కిందనుంచి వాడి వేళ్ళ సందులోకి వస్తుంది. అప్పుడు మూడు గిన్నెలూ ఖాళీయే! గెలిచే అవకాశం మూడింట ఒకటి కాదు, సున్న. ముందు గెలిచిన ఇద్దరూ వాడి మనుషులే. నాయన గెలిచిన వందరూపాయలు ఎర.

బాకీ తీరిన రోజు

పోయిన సంక్రాంతి సెలవుల్లో వరండాలో నాయన ముందు మూడు గ్లాసులు పెట్టాను. గ్లాసులు బోర్లించగానే ఆయన ముఖం మారింది. లేచి పోతాడేమోనని భయపడ్డాను. మూడు ఉండలూ దిగాక చాలాసేపు మాట్లాడలేదు. అప్పుడు నాలుగోది చూపించి, ఉన్నదున్నట్లు చెప్పాను.

"మళ్ళా చెయ్యి" అన్నాడు.

చేశాను. మళ్ళీ తప్పిపోయాడు. మూడోసారీ అంతే.

"తెలిసి కూడా పట్టలేకపోతున్ననేందిరా!"

"పట్టలేవు నాయనా. నేనైనా పట్టలేను. వాడి వేళ్ళలో ఉన్నదాన్ని ఏ గిన్నె కింద చూపిస్తావ్?"

నాయన గ్లాసు చేతిలో తిప్పుతూ, "అయితే ఆనాడు నా తెలివి తక్కువై పోలేదన్నట్టు" అన్నాడు మెల్లగా. ఆ రాత్రి అన్నాలప్పుడు జేబు కొట్టలేదని అమ్మకు చెప్పేశాడు. అమ్మ కాసేపు ఊరుకొని, "ఆ మాట అప్పుడే చెప్తే ఎరువులకు నా గొలుసు ఇయ్యకపోదునా" అంది. ఇది వ్రాయడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు.

మర్మం తెలిస్తే ఈ ఆటలో సరదా పోతుందని సెనెకా అన్నాడు. ఆయన పండితుడే గాని, ఈ ఒక్కదానిలో నేను ఒప్పుకోను. సరదా పోగొట్టుకోవడానికి ఆయన ఎరువుల డబ్బు పోగొట్టుకున్నవాడు కాడు. మిత్రులారా, సెలవులకు ఇంటికి పోయినప్పుడు వంటింట్లో మూడు గ్లాసులు అడిగి తీసుకోండి. ఆడి చూపించండి, ఆ తరువాత గుట్టు కూడా చెప్పండి.

ఇప్పుడు మిరపకోతలప్పుడు, కూలీలు టీ తాగిన గ్లాసులు కడిగి నాయనే ఆడుతున్నాడు. ఆయన వేళ్ళు మొరటువి. సగంసార్లు ఉండ జారి మట్టిలో పడుతుంది. అందరూ నవ్వుతారు. పడకపోతే చివర ఆయనే నాలుగో ఉండ తీసి అరచేతిలో పెట్టి చూపిస్తాడు. జాతరవాడు చూపించనిది అదే.